వెనక మనిషెక్కితే పికప్ ఎక్కడికి పోతుంది?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ దగ్గర వంద సీసీ బండి ఉంది. ఒక్కరే కూర్చుని, చదునైన రోడ్డు మీద ఫుల్‌గా రేజ్ చేస్తే గంటకు 85 కిలోమీటర్లు వెళ్తుంది. ఇప్పుడు వెనక ఫ్రెండ్ ఎక్కాడు. టాప్ స్పీడ్ ఎంతకు పడిపోతుంది?

ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగాను. ఎక్కువమంది 70 అన్నారు. కొందరు 60 కూడా దాటదన్నారు. లెక్క వేస్తే వచ్చే జవాబు 84. అంటే తగ్గేది ఒకటిన్నర కిలోమీటరు కూడా కాదు!

మరి బండి లాగలేకపోతున్నట్టు ఎందుకనిపిస్తుంది? అనిపించడం కాదు, నిజంగానే లాగలేకపోతోంది. కాకపోతే బరువు దెబ్బ కొట్టేది టాప్ స్పీడ్‌ని కాదు, పికప్‌ని. ఈ రెండూ ఒకటే అనుకుంటాం కానీ, రెండూ వేర్వేరు లెక్కలు. ఆ తేడా తెలియకపోతే షోరూమ్‌లో పోయేదేమీ లేదు. రెండు లేన్ల రోడ్డు మీద లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం చాలా పోతుంది.

ట్రాలీ నేర్పే పాఠం

సూపర్ మార్కెట్‌లో ఖాళీ ట్రాలీని వేలితో తోసినా పరిగెడుతుంది. అందులో పాతిక కిలోల బియ్యం బస్తా, రెండు నూనె డబ్బాలు పెట్టి తోయండి. కదలడానికే బద్ధకిస్తుంది. ఒకసారి కదిలాక మాత్రం పెద్దగా కష్టపెట్టదు. అదే వేగంలో సాగిపోతుంది. మళ్లీ ఆపాలంటేనే చేతులు లాగుతాయి.

ఇంటర్‌లో చదివిన న్యూటన్ రెండో సూత్రం ఇదే. బలం అంతే ఉండి ద్రవ్యరాశి రెట్టింపైతే త్వరణం సగమవుతుంది. త్వరణం అంటే మనం రోజూ పికప్ అనుకునేదే, అంటే వేగం ఎంత త్వరగా పెరుగుతుందన్నది. ఇంజిన్ ఇచ్చే బలం వెనక ఎవరున్నారో చూసి మారదు. ఒక్కరున్నా ముగ్గురున్నా అది పెట్టగలిగింది అంతే. మోయాల్సింది పెరిగితే వేగం అందుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది.

ఇక్కడ చూడాల్సింది మనిషి బరువొక్కటే కాదు, బండి బరువులో అది ఎన్నోవంతన్నది కూడా. మన రోడ్ల మీద ఎటుచూసినా కనిపించే స్ప్లెండర్ ప్లస్ బరువు 112 కిలోలు. 65 కిలోల మనిషి నడుపుతుంటే మొత్తం 177. వెనక ఇంకో 65 కిలోలు ఎక్కితే 242. అంటే మోత ఒక్కసారిగా 37 శాతం పెరిగింది. అదే 195 కిలోల క్లాసిక్ 350 మీద వెనక మనిషెక్కితే పెరిగేది 25 శాతమే. పైగా దాని ఇంజిన్ 20 హార్స్ పవర్, స్ప్లెండర్‌ది 8. బుల్లెట్ మీద డబుల్స్ వెళ్లినా తెలియని తేడా, చిన్న బండి మీద వెంటనే తెలిసిపోయేది అందుకే.

గాలి బరువు చూడదు

మరి టాప్ స్పీడ్ ఎందుకు తగ్గలేదు? ఎందుకంటే దాన్ని తేల్చేది ముఖ్యంగా గాలి.

బండి వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ గాలిని చీల్చుకుంటూ వెళ్లడానికి ఇంజిన్ ఖర్చుపెట్టే శక్తి అయితే ఘనంతో పెరుగుతుంది. తేలిగ్గా చెప్పాలంటే, 40 నుంచి 80కి వేగం రెట్టింపైతే గాలికి కట్టాల్సిన కప్పం 8 రెట్లు. ఏదో ఒక వేగం దగ్గర ఇంజిన్ దగ్గరున్నదంతా గాలి, టైర్ల రాపిడి కలిసి మింగేస్తాయి. వేగం పెంచడానికి ఇంక ఏమీ మిగలదు. అదే టాప్ స్పీడ్.

వంద సీసీ బండిలో గేర్లు, చైను తినేసింది పోగా చక్రానికి చేరే శక్తి సుమారు 5,000 వాట్లు అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర అందులో 3,600 వాట్లు గాలికే పోతాయి. దాదాపు రెండు బాత్రూమ్ గీజర్లు కాలే కరెంటంత. టైర్ల రాపిడికి పోయేది 580 వాట్లు. వెనక మనిషెక్కితే ఈ రెండో పద్దు మాత్రమే పెరుగుతుంది. ఎంత? సుమారు 210 వాట్లు. మూడు సీలింగ్ ఫ్యాన్లు తిరిగేంత! వెనకున్నవాళ్లు ముందున్నవాళ్ల చాటునే కూర్చుంటారు కాబట్టి ఎదురుగాలి పెద్దగా పెరగదు. గాలికి మీ సైజు, ఆకారం కావాలి. బరువుతో దానికి పనిలేదు.

బరువుకీ టాప్ స్పీడ్‌కీ ఎంత దూరపు చుట్టరికమో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 1998లో ప్రపంచంలోనే వేగమైన ప్రొడక్షన్ కారుగా రికార్డు కొట్టిన మెక్‌లారెన్ ఎఫ్1 బరువు 1,138 కిలోలు, వేగం గంటకు 386 కిలోమీటర్లు. ఆ తర్వాత వచ్చిన బుగాటీ వేరాన్ దానికంటే ఏడున్నర క్వింటాళ్లు ఎక్కువ బరువు. అయినా 400 దాటేసింది. కారణం 1,001 హార్స్ పవర్ ఇంజిన్. ఇంకోటి, 1997లో అమెరికాలోని నెవాడా ఎడారిలో ధ్వని వేగాన్ని దాటిన థ్రస్ట్ ఎస్ఎస్‌సీ. రెండు జెట్ ఇంజిన్లు బిగించిన ఆ బండి బరువు 10 టన్నుల పైనే. నేల మీద దాని వేగం గంటకు 1,228 కిలోమీటర్లు.

బరువున్నా టాప్ స్పీడ్ అందుతుంది. కానీ అక్కడిదాకా వెళ్లడానికి టైము, పొడవైన రోడ్డు రెండూ కావాలి. ఎడారిలో అవి దొరుకుతాయి. మన రోడ్ల మీద దొరకవు.

ల్యాప్‌టాప్‌లో వేసిన లెక్క

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నోటి లెక్క నమ్మబుద్ధికాక చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసుకున్నాను. స్ప్లెండర్ లాంటి బండి, మనిషికి 65 కిలోలు, చదునైన రోడ్డు, హైదరాబాద్ ఎండకాలపు గాలి. గేర్లు మార్చేటప్పుడు పోయే శక్తికి కొంత తీసేశాను. మీ బండికి ఈ అంకెలు అటూఇటుగా మారతాయి. ముగ్గురి మధ్య ఉన్న తేడా మాత్రం పెద్దగా మారదు.

టాప్ స్పీడ్:
ఒక్కరే ఉంటే – 85 కి.మీ.
ఇద్దరుంటే – 84 కి.మీ.
ముగ్గురుంటే – 82 కి.మీ.

40 నుంచి 60 అందుకోవడానికి పట్టే సమయం:
ఒక్కరే ఉంటే – 4.4 సెకన్లు
ఇద్దరుంటే – 6.2 సెకన్లు
ముగ్గురుంటే – 8.3 సెకన్లు

పై మూడు అంకెలు చూస్తే ట్రిపుల్స్ వెళ్లినా బండికేమీ కాలేదనిపిస్తుంది. కింది మూడు చూస్తే పికప్ సగానికి పడిపోయింది. రెండూ ఒకే బండివి, ఒకే రోడ్డువి. స్పీడోమీటర్ మీకు మొదటి లెక్కే చూపిస్తుంది. ‘ఇద్దరం ఎక్కినా 80 కొడుతోంది బాసూ’ అని నమ్మకం వచ్చేది అక్కడే. రెండోది చూపించే మీటరు బండిలో లేదు.

ముగ్గురి లెక్క పోలిక కోసమే వేశాను. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం టూవీలర్ మీద నడిపే మనిషి కాక ఒక్కరే ఎక్కాలి. అది చలాన్ల కోసం పెట్టిన రూలనుకునేవాళ్లు కింది అంకెలు కూడా చూడాలి.

లారీ పక్కన ఆ 8 సెకన్లు

ఇప్పుడు ఇదే బండితో రెండు లేన్ల రోడ్డు మీదకు వెళ్దాం. ముందు లారీ గంటకు 40లో పోతోంది. మీరూ దాని వెనకే 40లో ఉన్నారు. ఓవర్‌టేక్ చేయాలి. వెనక వదిలిన కాస్త దూరం, లారీ పొడవు, దాటాక మళ్లీ మన లేన్‌లోకి రావడానికి కాస్త జాగా, అన్నీ కలిపి లారీ కంటే 30 మీటర్లు ఎక్కువ వెళ్లాలి. ఎదురుగా ఒక కారు 60లో వస్తోంది.

ఒక్కరే ఉంటే ఈ పని ముగియడానికి దాదాపు 7 సెకన్లు పడుతుంది. ఇద్దరుంటే 8, ముగ్గురుంటే 9. వినడానికి ఒక్కో సెకనేగా అనిపిస్తుంది. కానీ ఆ సెకనులో మీరూ ముందుకెళ్తున్నారు, ఎదుటి కారూ మీవైపే వస్తోంది. రెండూ కలిసి సెకనుకు 30 మీటర్ల పైన దగ్గరవుతున్నాయి. కాబట్టి బయటికి తీసే క్షణంలో ఎదుటి కారు ఎంత దూరంలో ఉండాలంటే:

ఒక్కరే ఉంటే – 220 మీటర్లు
ఇద్దరుంటే – 250 మీటర్లు
ముగ్గురుంటే – 280 మీటర్లు

ఎదుటి కారు 80లో వస్తుంటే ఇవే అంకెలు 260, 295, 330 అవుతాయి. ఇంకో విషయం. ఇది సేఫ్టీ కోసం ఏమీ మిగుల్చుకోని లెక్క. అంటే మీరు మీ లేన్‌లోకి వచ్చిన క్షణానికే ఎదుటి కారు మీ పక్కన ఉంటుంది. ఒక గేరు సరిగా పడకపోయినా, లారీ డ్రైవరు కాస్త స్పీడు పెంచినా లెక్క తప్పుతుంది.

అసలు చిక్కు మన అలవాటులో ఉంది. రోజూ ఆఫీసుకో కాలేజీకో ఒక్కరమే వెళ్తాం. ‘ఈ గ్యాప్ చాలు’ అన్న అంచనా ఆ పికప్‌కి అలవాటుపడి ఉంటుంది. పండగకి ఊరికి బయల్దేరినప్పుడు వెనక తమ్ముడు, మధ్యలో బ్యాగు ఉంటాయి. బరువు మారుతుంది, కళ్ల అంచనా మాత్రం పాతదే. 220 మీటర్లకు అలవాటుపడ్డ కన్ను 220 దగ్గరే పచ్చజెండా ఊపుతుంది. కావాల్సింది మాత్రం 250. ఆ 30 మీటర్లు ఎక్కడినుంచో రావు.

200 మీటర్లు ఎంతో కళ్లకు అలవాటు చేసుకోవడానికి ఒక చిట్కా ఉంది. హైవేల పక్కన కిలోమీటరు రాళ్ల మధ్యలో ప్రతి 200 మీటర్లకూ చిన్న రాళ్లు పాతి ఉంటాయి. ఈసారి బస్సులో వెళ్లేటప్పుడు ఒక రాయి నుంచి ఇంకో రాయి దాకా చూడండి. మీరనుకున్నదానికంటే ఎక్కువ దూరం ఉంటుంది.

ఎత్తు వస్తే రెండూ పోతాయి

బరువు వల్ల టాప్ స్పీడ్ తగ్గదన్నాను కదా. అది చదునైన రోడ్డుకే. ఎత్తు మొదలైందంటే కథ మారిపోతుంది. అక్కడ ఇంజిన్ గాలితోపాటు భూమ్యాకర్షణతో కూడా పోట్లాడాలి. దానికి మాత్రం ప్రతి కిలో లెక్కే.

వంద మీటర్లకు 8 మీటర్లు లేచే ఎత్తు తీసుకుందాం. ఘాట్ రోడ్లలో అక్కడక్కడా తగిలే ఎత్తే. అదే ప్రోగ్రాంలో ఈ ఎత్తు పెడితే టాప్ స్పీడ్ ఒక్కరికి 66, ఇద్దరికి 58, ముగ్గురికి 51 వచ్చింది. చదును మీద 3 కిలోమీటర్ల తేడా ఇక్కడ 15 అయింది. అరకు, శ్రీశైలం దారుల్లో చిన్న బండి రెండో గేర్లో మూలుగుతూ ఎక్కడం చూసే ఉంటారు. అది ఇంజిన్ లోపం కాదు, మీద ఉన్న బరువు.

లోడు లారీకి ఇది ఇంకా దారుణం. 200 హార్స్ పవర్ ఇంజిన్, మొత్తం బరువు 28 టన్నులు అనుకుందాం. టన్నుకు 7 హార్స్ పవర్ వస్తుంది. ఒక్కరు కూర్చున్న స్ప్లెండర్‌కి అదే లెక్కలో 45 ఉంటుంది. చదును మీద ఆ లారీ 80లో హాయిగా పోతుంది. వందకు 5 మీటర్లు లేచే ఎత్తు రాగానే 30 దగ్గరకు దిగిపోతుంది. ఎత్తు కనపడగానే లారీ డ్రైవర్లు ముందే స్పీడు పెంచి ఊపు మీద ఎక్కాలని చూసేది ఇందుకే. సరిగ్గా ఆ సమయంలో బైకు తెచ్చి ముందు దూర్చి బ్రేకేస్తే, అతను పోగేసుకున్న ఊపంతా పోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి అతనికి కిలోమీటర్లు పడుతుంది. ఆ తర్వాత అతను కొట్టే హారన్‌లో కోపం ఉందంటే తప్పు అతనిది కాదు.

దిగేటప్పుడు బాకీ తీర్చాలి

ఎక్కేటప్పుడు ఖర్చుపెట్టిన శక్తి ఎక్కడికీ పోదు. దిగేటప్పుడు మొత్తం తిరిగొస్తుంది. తిరుపతి నుంచి తిరుమల దాదాపు 700 మీటర్ల ఎత్తు. వెయ్యి కిలోల చిన్న కారులో ఐదుగురు, వాళ్ల సామాన్లు కలిపి 1,360 కిలోలు అనుకుందాం. పైనుంచి కిందికి వచ్చేసరికి ఆ కారు వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 93 లక్షల జౌళ్లు. ఈ అంకె ఊహకు అందకపోతే ఇలా చూడండి. మామూలు నీళ్లు 32 లీటర్లు, అంటే రెండు బకెట్లు, సలసలా మరిగించేంత వేడి. డ్రైవరొక్కడే ఉంటే అందులో నాలుగో వంతు దాకా తగ్గుతుంది.

ఈ వేడిలో కొంత గాలికి, టైర్లకు పోతుంది. మిగిలింది రెండే చోట్లకు పోగలదు. ఒకటి ఇంజిన్, రెండు బ్రేకులు. తక్కువ గేర్లో దిగితే ఇంజినే కారును పట్టి ఉంచుతుంది, చాలా భారం అది మోస్తుంది. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేస్తే మొత్తం భారం బ్రేకుల మీద పడుతుంది. బ్రేకు ప్యాడ్లు బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. బ్రేకు ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాటలో ఉన్న ఫిజిక్స్ ఇంతే.

చదును మీద బ్రేకుకూ ఇదే సూత్రం. గంటకు 60లో వెళ్తున్న బైకుని ఆపాలంటే, ఒక్కరున్నప్పుడు బ్రేకులు మింగాల్సింది 25 వేల జౌళ్లు. ముగ్గురుంటే 43 వేలు. మనుషులు పెరిగారని బ్రేకు షూ పెద్దదవదు కదా!

హెల్మెట్ తీసేస్తే స్పీడ్ పెరుగుతుందా?

‘బరువు తగ్గిస్తే పికప్ పెరుగుతుంది’ అన్న మాట విన్న వెంటనే కొందరి చెయ్యి స్పానర్ మీదికి పోతుంది. అద్దాలు, మడ్‌గార్డు, శారీగార్డు ఊడదీస్తారు. లెక్క చూద్దాం. ఇవన్నీ కలిపి 3 కిలోలు తగ్గాయనుకుందాం. 177లో 3 కిలోలంటే 1.7 శాతం. 40 నుంచి 60కి 4.4 సెకన్లు పట్టేది, ఇప్పుడు సుమారు 0.07 సెకన్లు తగ్గుతుంది. కన్ను ఆర్పే సమయం కూడా కాదు. దానికోసం వెనకొచ్చే బస్సుని చూపించే అద్దం పోగొట్టుకున్నాం.

హెల్మెట్ అయితే 1.2 కిలోలు అనుకుంటే, దాని వల్ల పోయే పికప్ 0.03 సెకన్లు. ‘బరువుగా ఉంటుంది బ్రో’ అనేవాళ్లకు ఈ అంకె చూపించండి.

నిజంగా బరువు తగ్గించాలంటే అన్ని కిలోలూ ఒకటి కావు. చక్రం అంచు దగ్గరున్న కిలో ముందుకు పరిగెత్తడమే కాదు, గుండ్రంగా కూడా తిరుగుతుంది. రెండింటికీ శక్తి కావాలి. కాబట్టి రిమ్ము, టైరు దగ్గర ఒక కిలో ఎక్కువైతే పికప్ విషయంలో సీటు మీద రెండు కిలోలు పెట్టినట్టే. లుక్ కోసం కంపెనీ చెప్పినదానికంటే లావు టైర్లు వేయించాక బండి మందకొడిగా అనిపించడానికి ఇదొక కారణం.

కిలోకి ప్రాణం పెట్టే చోటు

రేసుల్లో ఈ లెక్కలు ఎంత పక్కాగా ఉంటాయో చూస్తే ముచ్చటేస్తుంది. ఫార్ములా వన్‌లో 10 కిలోల ఇంధనం ఎక్కువ మోస్తే ల్యాప్‌కి సుమారు 0.3 సెకన్లు పోతాయని లెక్క వేసుకుంటారు. రేసు మొదట్లో ట్యాంకు నిండా ఉన్న కారు, చివర్లో ఖాళీ అయ్యేకొద్దీ తేలికై వేగంగా తిరగడానికి ఇదే కారణం. సర్క్యూట్ అంటే అంతా స్ట్రెయిట్ రోడ్డు కాదు. ప్రతి మలుపు దగ్గరా వేగం తగ్గించాలి, మళ్లీ అందుకోవాలి. టాప్ స్పీడ్ కంటే పికప్, బ్రేకులే అక్కడ రేసుని తేలుస్తాయి. అంటే బరువే తేలుస్తుంది.

2024 జులైలో బెల్జియంలోని స్పా సర్క్యూట్‌లో మెర్సిడెస్ డ్రైవర్ జార్జ్ రస్సెల్ మొదటి స్థానంలో వచ్చాడు. రేసయ్యాక ఇంధనం తీసేసి కారుని తూకం వేశారు. ఉండాల్సింది 798 కిలోలు, ఉన్నది 796.5. ఒకటిన్నర కిలో తక్కువ. అంతే, గెలుపు రద్దయింది. ట్రోఫీ అదే టీమ్‌లోని లూయిస్ హామిల్టన్‌కి వెళ్లింది. ఒకటిన్నర కిలోకి రేసే పోయింది. మనం 65 కిలోలు ఎక్కించుకుని ‘ఏం తేడా లేదులే’ అంటున్నాం.

ఎలక్ట్రిక్ బండి మాటేంటి?

బ్యాటరీ బరువు వల్ల అదే మోడల్ పెట్రోల్ కారు కంటే ఎలక్ట్రిక్ కారు బరువెక్కువ. అయినా సిగ్నల్ దగ్గర ముందు దూసుకుపోయేది అదే. ఎందుకంటే ఎలక్ట్రిక్ మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి బలం ఇస్తుంది. గేర్లు మార్చే పని లేదు. బరువు పెంచిన నష్టాన్ని మోటారు బలం పూడ్చేస్తుంది. న్యూటన్ సూత్రం మారలేదు, బలం మారింది.

స్కూటర్లలో ఇంకో తమాషా ఉంది. చాలా ఎలక్ట్రిక్ స్కూటర్లలో టాప్ స్పీడ్‌ని సాఫ్ట్‌వేరే ఒక అంకె దగ్గర ఆపేస్తుంది. మా భాషలో చెప్పాలంటే అదొక ‘ఇఫ్’ కండిషన్. కాబట్టి ఇద్దరెక్కినా చదును మీద టాప్ స్పీడ్ అంతే కనిపిస్తుంది. బరువు తెలియదు. కానీ పికప్ తగ్గుతుంది. ఏథర్ 450ఎక్స్ సున్నా నుంచి 40కి 3.3 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ చెప్పింది. ఆ అంకె ఒక్కరితో అనుకుంటే, వెనక 65 కిలోల మనిషెక్కాక లెక్క ప్రకారం నాలుగున్నర సెకన్ల దాకా పడుతుంది. ఎకో మోడ్‌లో పెట్టి ఫ్లైఓవర్ ఎక్కినవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. మేలైన విషయం ఒకటుంది. రీజెన్ ఉన్న బండి దిగేటప్పుడు వేడిగా పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి తిరిగొస్తుంది.

బరువుతో బయల్దేరే ముందు...

• వెనక ఎవరైనా ఎక్కినప్పుడు, ఖాళీ రోడ్డు మీద 40 నుంచి 60 అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో వాళ్లనే లెక్కపెట్టమనండి. ఒక్కరున్నప్పటి అంకెతో పోల్చుకోండి. మీ బండికి సంబంధించిన నిజమైన అంకె అదే.

• ఓవర్‌టేక్‌కి బయటికి తీయకముందే ఒక గేరు తగ్గించండి. టాప్ గేర్లో రేజ్ ఇస్తే ఇంజిన్ దగ్గరున్న శక్తి మొత్తం చక్రానికి రాదు.

• వెనక టైరుకి గాలి ఎంత ఉండాలో యజమాని మాన్యువల్‌లో రెండు అంకెలుంటాయి. ఒక్కరికి ఒకటి, ఇద్దరికి ఒకటి. డబుల్స్ దూరం వెళ్లేటప్పుడు రెండోది కొట్టించండి. బండి ఎంత బరువు మోయగలదో కూడా అందులోనే ఉంటుంది.

• ఎత్తు ఎక్కుతున్నప్పుడు బరువుతో ఓవర్‌టేక్ వద్దు. అక్కడ టాప్ స్పీడూ ఉండదు, పికప్పూ ఉండదు.

• ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు. తక్కువ గేర్లో రండి. బ్రేకు నొక్కిపట్టి ఉంచకండి. నొక్కుతూ, వదులుతూ రండి.

• లోడు లారీ ముందు దూరి బ్రేకేయకండి. దానికి వేగం అందుకోవడం ఎంత కష్టమో, ఆగడమూ అంతే కష్టం.

షోరూమ్ బ్రోషర్లో పెద్ద అక్షరాలతో టాప్ స్పీడ్ ఉంటుంది. రోడ్డు మీద మనం రోజూ వాడేది అది కాదు. స్పీడ్ బ్రేకర్ దాటాక, సిగ్నల్ పడ్డాక, లారీ పక్కన తీశాక, ప్రతిసారీ వాడేది పికప్. బరువు పట్టుకెళ్లేది దాన్నే.

ఈసారి వెనక నుంచి ‘ఖాళీయే కదరా, ఏసెయ్’ అని వినిపిస్తే, ఆ మాట అన్న మనిషి బరువు కూడా కలిపి లెక్క వేసుకోండి. ముందు 250 మీటర్లు కనిపించి, ఇంకొంచెం మిగులు కూడా ఉంటేనే బయటికి తీయండి. లేదంటే లారీ వెనకే ఉండండి. రెండు నిమిషాలాగితే మళ్లీ ఖాళీ వస్తుంది.